ఫ్రిజ్‌లో పెట్టిన తూటాలు

మొన్న మా డాడీకి డెబ్బై ఏళ్లు నిండితే టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా తెలుగు చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. కేక్ కోశాక ఎవరో ఆయన చేతికి మైక్ ఇచ్చారు. అది ఎంత పొరపాటో ఆ చర్చిలో అందరికీ తెలుసు, అయినా పుట్టినరోజు కదా అని ఊరుకున్నారు. డాడీ ముందు దేవుడికి, తర్వాత ఎప్పుడో రిటైరైన తన మేనేజర్‌కి కృతజ్ఞతలు చెప్పి, ప్రతిసారీ చెప్పే కథలోకి దిగారు. తన భార్యను తాను పిస్టల్ షూటర్‌గా ఎలా తయారు చేశారు, ఏ తూటా అయితే చెయ్యి నొప్పి పెట్టకుండా మెత్తగా పేలుతుందో ఎన్ని నెలలు పరిశోధించారు, అది ఎక్కడ చవకగా దొరుకుతుందో ఎలా పట్టుకున్నారు, చివరికి స్టేట్ మ్యాచ్‌లో వేగం కొలిచే యంత్రం పాడైపోయి ఎంత అన్యాయం జరిగింది. జనం నవ్వారు. అమ్మ ఆ సమయానికి వంటగది తలుపు దగ్గర నిలబడి మిగిలిన బిర్యానీ ట్రేల మీద ఫాయిల్ నొక్కుతోంది. ఆ రోజు యంత్రానికి ఏ జబ్బూ లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం హాల్లో ఇద్దరమే ఉన్నాం, ఆ ఇద్దరిలో ఎవరికీ ఎవరూ మైక్ ఇవ్వరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఫ్రిస్కో ఇంకా సగం పొలమే. మా వీధి చివర రోడ్డు ఆగిపోయి అక్కణ్ణుంచి ఆవులు మొదలయ్యేవి. ఇళ్లన్నీ కొత్తవి, అన్నిటికీ ఒకే రంగు ఇటుక. డాడీ రెండుసార్లు పక్కింటి ముందు కారాపి, వాళ్ల గరాజ్ తలుపు ఎందుకు తెరుచుకోవడం లేదని మా రిమోట్‌ని తిట్టారు. మేం ఇంట్లోకి గరాజ్‌లోంచే వెళ్లేవాళ్లం, ముందు తలుపు పాస్టర్ గారికీ పిజ్జా తెచ్చేవాళ్లకీ. గరాజ్‌లో మా రెండో ఫ్రిజ్ ఉండేది. ఒక తెలుగు కుటుంబం అమెరికాలో స్థిరపడిందో లేదో చూడాలంటే గ్రీన్ కార్డు అడగనక్కర్లేదు, గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉందో లేదో చూస్తే చాలు. మా దాంట్లో ఇడ్లీ పిండి గిన్నెలు, చీరాల నుంచి వచ్చిన గోంగూర పచ్చడి, పేపర్‌లో చుట్టిన కరివేపాకు, కొబ్బరి చిప్పలు, ఎవరి పుట్టినరోజుదో తెలియని సగం కేకు ఉండేవి. తలుపు తీస్తే పులిసిన పిండీ ఇంగువా కలిసిన వాసన గుప్పున కొట్టేది. ఆ వాసన మా కార్లకీ, నా స్కూల్ బ్యాగుకీ, చివరికి అమ్మ పిస్టల్ సంచికీ పట్టింది.

అమ్మ పేరు సువార్త. డయాలసిస్ సెంటర్‌లో నర్సు. రోజంతా గొట్టాలు బిగించీ విప్పీ కుడి మణికట్టు అరిగిపోయింది, ఇంటికొచ్చాక గిన్నె పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కేవి. అలాంటి మనిషి పిస్టల్ ఎందుకు పట్టిందంటే, గురువారాలు షూటింగ్ రేంజ్‌లో ఆడవాళ్లకి ఉచితం కాబట్టి. తనతో పనిచేసే డార్లీన్ అనే అరవై ఏళ్ల టెక్సాస్ ఆవిడ ఊరికే రమ్మంటే వెళ్లింది. ఉచితమంటే మావాళ్లు దంత పరీక్షలకీ టైమ్‌షేర్ ఇళ్లు అమ్మేవాళ్ల ఉపన్యాసాలకీ కూడా వెళ్తారు, ఇది అంతకంటే నయమే. మొదటి రోజు పదింటిలో తొమ్మిది నల్ల గుండ్రంలో పడ్డాయి. పదోది ఎక్కడ పడిందని డాడీ అడిగారు. నాకు లెక్కల్లో తొంభై ఆరు వస్తే మిగతా నాలుగూ ఎక్కడికి పోయాయని అడిగేదీ ఆయనే.

మూడు నెలలకి అమ్మ పోటీలకి వెళ్లడం మొదలుపెట్టింది. ఇవి కదలకుండా నిలబడి ఒక చుక్కని కాల్చే పోటీలు కావు. నడుస్తూ, వంగుతూ, అడ్డుగోడల చాటునుంచి, గడియారం తిరుగుతుండగా కాల్చాలి. ఒక్క మ్యాచ్‌లో వంద తూటాల పైనే అయిపోతాయి, ప్రాక్టీసుకి ఇంకా ఎక్కువ. అంటే మణికట్టుకి వారానికి కొన్ని వందల దెబ్బలు. తక్కువగా తన్నే తూటా కావాలి, అది ఖరీదైనదైతే మా ఇంట్లో నడవదు. సమస్య ఇంతే. రెండు వాక్యాల సమస్య చేతికి చిక్కితే డాడీ దాన్ని ఏడాది వరకూ వదిలిపెట్టరు. ఆయన డేటాబేస్ మనిషి. బియ్యం బస్తా, విమానం టికెట్టు, నా కళ్లద్దాల ఫ్రేమ్, ఏదైనా సరే ముందు కంప్యూటర్‌లో షీటు తెరవాలి. తూటాలకీ తెరిచారు. ఒక్కో తూటా ఎంత పడుతుందో నాలుగో దశాంశం దాకా అందులో ఉండేది. అమ్మ మణికట్టుకి మాత్రం అందులో కాలమ్ లేదు.

ఆయన మొదటి సిద్ధాంతం చాలా సూటిగా ఉండేది. తూటా ముందు భాగంలో ఉండే సీసపు గుండు ఎంత తేలికైతే దెబ్బ అంత తేలిక. దీన్ని చర్చిలో మోహన్ అంకుల్ కూడా బలపరిచారు. మోహన్ అంకుల్ పిస్టల్‌ని చేత్తో ముట్టలేదు, కానీ ఆయనకి ఇల్లు కొనడం, మోకాలి ఆపరేషన్, బైబిల్లో ప్రకటన గ్రంథం, అన్నిటి మీదా ఖాయమైన అభిప్రాయాలుండేవి. ఇద్దరూ కలిసి అన్నిటికంటే తేలికపాటి గుండ్లున్న తూటాలు రెండు వేలు తెప్పించారు. అమ్మ వాటిని నెల రోజులు కాల్చి, మోచేతి దాకా నొప్పితో ఇంటికొచ్చి, కొబ్బరినూనె వేడి చేసుకుని రాసుకునేది. తర్వాత ఒక గురువారం డార్లీన్ తన సంచిలోంచి గుప్పెడు బరువైన గుండ్ల తూటాలు తీసి ఇచ్చింది. అమ్మ ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటూ ఒక్క మాట చెప్పింది.

“అవి కొడుతున్నాయండి. ఇవి తోస్తున్నాయి.”

ఇంతకంటే బాగా ఈ విషయం చెప్పిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. బరువైన గుండుకి పరుగు తక్కువ, కాబట్టి చెయ్యి ఒక్కసారిగా అదరదు, నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. కానీ అమ్మ మాటలో అంకె లేదు కాబట్టి డాడీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. బరువైనదే ఎక్కువ తన్నాలి, ఫిజిక్స్ అంటే ఫిజిక్స్, అన్నారు. ఆరు వారాల తర్వాత ఇంటర్నెట్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఇదే సంగతి పెద్ద పేరాగ్రాఫులో రాస్తే, డాడీ అచ్చు తీసుకొచ్చి భోజనాల బల్ల దగ్గర మా ఇద్దరికీ చదివి వినిపించారు. సువార్తా, నేను ఒక విషయం కనిపెట్టాను, అని మొదలుపెట్టారు. అమ్మ చారు వడ్డిస్తూ విన్నది. అంతా అయ్యాక మంచిదండి అంది. ఆ మంచిదండిలో ఏముందో నాకు అర్థం కావడానికి నాకు పెళ్లి కావాల్సి వచ్చింది.

ఇక బరువైన గుండ్లలో చవకైనవి ఏవని వేట మొదలైంది. ఇక్కడ ఒక నియమం చెప్పాలి. ఈ పోటీల్లో తూటా మరీ మెత్తగా ఉంటే ఒప్పుకోరు. మెత్తటి తూటాతో ఎవరైనా వేగంగా కాల్చగలరు కదా. అందుకని గుండు బరువునీ దాని వేగాన్నీ కలిపి లెక్కగట్టి ఒక హద్దు పెడతారు. పెద్ద మ్యాచ్‌లలో అందరి తూటాలనీ ఒక యంత్రం ముందు కాల్చి కొలుస్తారు. హద్దు దాటకపోతే నిన్ను వెళ్లగొట్టరు, రోజంతా కాల్చుకోనిస్తారు, కానీ నీ స్కోరు లెక్కలోకి రాదు. డాడీ ఎక్కడో చిన్న షెడ్డులో తూటాలు తయారుచేసే మనిషిని పట్టుకున్నారు. అతని తూటాలు మెత్తనివీ, చవకైనవీ, హద్దుకి ఒక్క వెంట్రుకవాసి పైన ఉండేవి. కొంచెం గట్టివి తీసుకుందామని అమ్మ అంది. డాడీ ఆ మాట కొట్టిపారేశారు. పాస్ అయితే చాలు, ఆ పైన పెట్టే ప్రతి పైసా వృథా అన్నారు. నా తొంభై ఆరు గుర్తొచ్చి నేను తలెత్తి చూశాను, ఆయనకేమీ గుర్తు రాలేదు.

తూటాలు ఫ్రిజ్‌లోకి వెళ్లింది ఆ వేసవిలోనే. టెక్సాస్ ఎండలో గరాజ్‌లో దేని మీద చెయ్యి పెట్టినా కాలేది. డబ్బా మీద చల్లని పొడి ప్రదేశంలో ఉంచమని రాసి ఉంది. డాడీ వాళ్ల నాన్నగారికి చీరాలలో మందుల షాపు. విలువైన వస్తువు మీద చల్లని అన్న మాట కనిపిస్తే అది ఫ్రిజ్‌లోకి పోవాల్సిందేనని ఆయన రక్తంలో ఉంది. అలా ఇడ్లీ పిండి పక్కన, కరివేపాకు కింద, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన తూటాల పెట్టెలు చేరాయి. అమ్మ పిండి గిన్నె తీసేటప్పుడు అవి అడ్డొచ్చేవి. ఇంట్లో బీరువా మీద చల్లగానే ఉంటుంది కదా అని ఒకసారి అంది. డాడీ అక్కడ ఎన్ని డిగ్రీలుంటుందో, ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలుంటుందో చెప్పారు. అమ్మ పిండి గిన్నెకి వేరే అర వెతుక్కుంది.

స్టేట్ మ్యాచ్ అక్టోబరులో. ఆ తర్వాతి నెలలో అమ్మ మణికట్టుకి ఆపరేషన్. అది అయ్యాక మళ్లీ పిస్టల్ పట్టగలదో లేదో డాక్టర్ చెప్పలేకపోయాడు. డాడీకి ఈ సంగతి తెలుసు, కానీ దానిమీద ఆయన చెయ్యగలిగిందేమీ లేదు కాబట్టి మాట్లాడేవారు కాదు. అమ్మకి ఆ మ్యాచ్ ఎంత ముఖ్యమో నాకు ఒక్కసారే చెప్పింది, బట్టలు మడతపెడుతూ. రాష్ట్రమంతటి నుంచీ వచ్చే ఆడవాళ్ల జాబితాలో తన పేరు, పక్కన తన స్కోరు చూసుకోవాలని. ఎన్నోదైనా ఫర్వాలేదట. నర్సింగ్ చదువు నుంచి ఇంటి లోను దాకా అన్ని కాగితాల మీదా తన పేరు పక్కన ఇంకొకరి పేరు ఉంటూ వచ్చింది, తండ్రిదో, భర్తదో. ఈ జాబితాలో పేరు పక్కన స్కోరు ఒక్కటే ఉంటుంది. ఇదంతా తను చెప్పలేదు, నేను పెద్దయ్యాక జోడించుకున్నాను. తను అన్నది మాత్రం, ఒక్కసారి చూసుకుంటే చాలే, అని.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం అమ్మ తూటాల పెట్టె ఫ్రిజ్‌లోంచి తీసి, చెప్పుల స్టాండ్ పక్కన తన సంచి మీద పెట్టింది. ఇది ఇక్కడే ఉండనీ, అంది నాతో. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. తెల్లారాక డాడీ పెద్ద ఐస్ పెట్టెలో మంచినీళ్లు, పెరుగన్నం, ద్రాక్షపళ్లు సర్దుతూ ఆ పెట్టె బయట ఉండటం చూశారు. ఇది బయట పెట్టిందెవరు, పాడైపోవూ, దీన్ని ఐస్‌లో పెట్టు, అన్నారు నాతో. అమ్మ స్నానంలో ఉంది. నేను పెట్టాను. ఇక్కడ నాకు పదిహేనేళ్లని ఒక సాకు చెప్పుకోవచ్చు, కానీ నాకు బాగా గుర్తుంది, నేను ఒక్క క్షణం ఆగి ఆలోచించాను. అమ్మ కారణం చెప్పలేదు. డాడీ దగ్గర షీటు ఉంది. మా ఇంట్లో షీటు ఉన్నవాళ్ల మాటే సాగుతుంది. పెట్టెను పెరుగన్నం గిన్నెకీ ఐస్ సంచికీ మధ్య భద్రంగా దూర్చి మూత పెట్టాను. కారులో డాడీ పెద్ద ప్రార్థన చేశారు. ప్రయాణం కోసం, వాతావరణం కోసం, తూటాలు చవకగా అమ్మిన సోదరుడి కోసం.

రెండున్నర గంటల ప్రయాణం తర్వాత పోటీలో అమ్మ ఉన్న గుంపు మొదట వెళ్లాల్సింది యంత్రం దగ్గరికే. సంచిలో పెట్టె లేకపోయేసరికి అమ్మ నా వైపు చూసింది. నేను ఐస్ పెట్టె తెరిచి తీసిచ్చాను. అట్ట తడిసి మెత్తబడింది, ఇత్తడి మీద చెమట పట్టింది. అమ్మ అరచేతిలో నాలుగు తూటాలు పట్టుకుని గట్టిగా మూసింది, వేడెక్కించాలని కాబోలు. అప్పటికే యంత్రం దగ్గరి ముసలాయన చెయ్యి చాపాడు. ఆయన మర్యాదస్తుడు, ఇవి చాలా చల్లగా ఉన్నాయి మేడం అన్నాడు, కానీ నియమం నియమమే. చలికి తూటాలోని మందు బద్ధకిస్తుంది, గుండు నెమ్మదిస్తుంది. ఆ సంగతి డార్లీన్ అంతకు ముందు వారమే అమ్మకి చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. మొదట కొన్ని కాల్చారు, తర్వాత ఇంకొన్ని. హద్దు నూట ఇరవై ఐదు. అమ్మది నూట ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. ముసలాయన కాగితం మీద ఏదో రాసి, సారీ మేడం, అని టోపీ సర్దుకున్నాడు.

డాడీ యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. దీన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగారు. వరసలో వెనక ఉన్నవాళ్లు తమ బూట్ల వైపు చూసుకున్నారు. అమ్మ ఆయన వైపు తిరగనే లేదు. నా దగ్గరికి వచ్చింది. గొంతు ఏమాత్రం పెంచలేదు.

“నేను బయట పెట్టాను కదమ్మా.”

నేను డాడీ చెప్పారన్నాను. అమ్మ తలూపింది. ఆ తలూపడం కంటే తిట్టినా బాగుండేది.

స్కోరు లేనప్పుడు ఎండలో నిలబడటం దేనికి, ఇంటికి పోదాం, దారిలో ఔట్‌లెట్ మాల్ కూడా ఉంది, అన్నారు డాడీ. ఆయన తర్కంలో ఎప్పుడూ తప్పుండదు. అమ్మ సంచి భుజానికి తగిలించుకుని మ్యాచ్‌లో మొదటి అంకం జరిగే చోటికి నడిచింది. ఆ రోజు మొత్తం పది అంకాలూ కాల్చింది. ప్రతిదాని తర్వాతా స్కోరు రాసే కుర్రాడు, మీది రాయనక్కర్లేదండి అని మొహమాటపడుతుంటే, రాయొద్దు, గట్టిగా చదువు చాలు, అంది. అతను లక్ష్యాల వెంట నడుస్తూ చదివేవాడు. అమ్మ పిస్టల్ ఖాళీ చేసి ఒరలో పెట్టుకుని, చెయ్యి నలుపుకుంటూ శ్రద్ధగా వినేది. అప్పటిదాకా అమ్మ అంత బాగా కాల్చడం నేనెప్పుడూ చూడలేదు. వెనక డాడీ మడతకుర్చీలో కూర్చుని మోహన్ అంకుల్‌కి ఫోన్ చేసి యంత్రం గురించి చెబుతున్నారు. ఆ సాయంత్రం గోడకి అంటించిన జాబితాలో అమ్మ పేరు అన్నిటికంటే కింద, పక్కన సున్నాతో ఉంది. అమ్మ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని చదివి, వచ్చి కారెక్కింది. ఇంటికొచ్చేదాకా నేను వెనక సీట్లో ఏడుస్తూనే ఉన్నాను. డాడీ నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని ఏసీ పెంచారు.

ఆపరేషన్ తర్వాత ఏడాదికి అమ్మ మళ్లీ పిస్టల్ పట్టింది. ఈసారి తూటాలు తనే వెళ్లి కొంది. ఎంతయిందని డాడీ అడిగితే చెప్పలేదు, షీటు అక్కడితో ఆగిపోయింది. అదే మ్యాచ్‌కి ఇంకో మూడేళ్లు వెళ్లింది, జాబితాలో మధ్యలో ఎక్కడో పేరు వచ్చింది, పక్కన స్కోరు కూడా. కానీ మొదటి ఏడాది కాల్చినట్టు మళ్లీ కాల్చలేకపోయింది. మణికట్టు అంతవరకే సహకరించింది. తన ఒక్క మంచి రోజు ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు మా వీధి చివర ఆవులు లేవు, అక్కడ బోబా టీ కొట్టూ ట్యూషన్ సెంటరూ ఉన్నాయి. తూటాలు అట్టపెట్టెలో గుమ్మం ముందుకే వస్తాయి. ఏది మెత్తనిది, ఏది చవక అని కుర్రవాళ్లు వీడియోల్లో గంటలకొద్దీ కొట్టుకుంటున్నారు, అందులో సగం మంది మోహన్ అంకుల్‌లే. మా ఆయన షీటు తెరవరు, ఫోన్ తెరుస్తారు. నేను ఏ బూట్లు వేసుకుంటే నా మడమకి మంచిదో కిందటి వారమే ఆయన రివ్యూలు చదివి తేల్చారు. నేను మంచిదండి అన్నాను. డాడీని వెక్కిరిస్తూ ఇన్ని పేజీలు రాశాను కానీ, ఆయన చేసిందల్లా చెప్పడమే. మూత తెరిచి పెట్టెను ఐస్‌లో పెట్టింది నేను. యంత్రం పాడైందని ఆయన మైకులో చెబుతుంటే నాకు సిగ్గుతో పాటు కాస్త హాయిగా కూడా ఉంటుంది. యంత్రం మీద తప్పున్నంత కాలం, పెట్టె ఎవరు పెట్టారని ఎవరూ అడగరు.

పుట్టినరోజు అయ్యాక వచ్చిన గురువారం నేను ఊరెళ్లకుండా ఆగి అమ్మని రేంజ్‌కి తీసుకెళ్లాను. ఇప్పుడు కదలని చుక్కని కాలుస్తుంది, రెండు చేతులతో, నెమ్మదిగా. తను టీ తాగుతుంటే నేనే సంచి సర్దాను. తూటాలు బీరువా మీంచి తీశాను, చెవుల మఫ్‌లు, కళ్లద్దాలు, నీళ్ల సీసా విడిగా పెట్టాను. రేంజ్ ముందు కారాపగానే అమ్మ సంచి ఒళ్లోకి తీసుకుని జిప్పు విప్పింది. ఏమైనా మర్చిపోయానా అని అడిగాను. లేదమ్మా అంది. పిల్లలకి జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి తూటాల పెట్టె మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత జిప్పు వేసి, పద, అంది.